చింతపండు పెట్టి తోమకండి: మెరిసే అమ్మోనైట్‌ని ఎంచుకోవడం, చదవడం, దాచుకోవడం

నా మొదటి అమ్మోనైట్‌ని, అంటే కోట్ల ఏళ్ల కిందటి ఒక సముద్రజీవి గుల్ల శిలాజాన్ని, మా అమ్మ చింతపండు పెట్టి తోమేసింది. ఆమె తప్పేమీ లేదు. దేవుడి గూట్లో పెట్టి ఊరెళ్లింది నేనే. చుట్టలు చుట్టలుగా ఉంది కదా, ఏదో సాలగ్రామం తెచ్చుకున్నాడు అనుకుంది, గురువారం సాయంత్రం కుందులు, గంట, హారతి పళ్లెం తోముతూ దాన్నీ వాటితో కలిపి తోమింది. నేను తిరిగొచ్చేసరికి ఎరుపూ ఆకుపచ్చా మారుతూ మెరవాల్సిన రాయి ఒక వైపు సున్నం కొట్టిన గోడలా మసకబారి ఉంది. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, ఆ మెరుపు రాయిది కాదు, రాయి మీద ఉన్న పల్చటి పెంకుది అని.

మీరూ ఇలాంటిది కొనాలనుకుంటున్నా, కొని ఏం చేయాలో తెలియక అద్దాల బీరువాలో పెట్టేసినా, పిల్లలకు క్లాసులో చూపిద్దామనుకుంటున్నా ఇది మీ కోసమే. ఆన్‌లైన్‌లో, రత్నాల ఎగ్జిబిషన్లలో ఎక్కువగా దొరికేది మడగాస్కర్ రకం, అరచేతిలో పట్టేంత ఉంటుంది, దాన్నే ముందు పెట్టుకుని చెబుతాను.

ముందు, చేతిలో ఉన్నదేమిటో తెలుసుకోండి

చూడటానికి నత్తలా ఉన్నా ఇది నత్త కాదు. స్క్విడ్, ఆక్టోపస్‌లకు దగ్గరి చుట్టం. నత్త గుల్ల లోపల ఒకటే గొట్టం, దీని లోపల మాత్రం రైలు కంపార్ట్‌మెంట్లలా వరసగా గదులు. జంతువు ఉండేది చివరి పెద్ద గదిలో, వెనక ఉన్నవన్నీ గాలి నింపుకుని నీళ్లలో తేలడానికి. పెరిగే కొద్దీ ముందుకు జరుగుతూ వెనక ఒక గోడ కట్టుకుంటూ పోయింది. డైనోసార్లు పోయిన కాలంలోనే, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట, ఈ వర్గం మొత్తం అంతరించిపోయింది.

మీరు కొనే మడగాస్కర్ ముక్క అంతకంటే పాతది. ఆ దీవి వాయవ్యంలో, మహాజంగా ప్రాంతంలో తవ్వి తీస్తారు, వయసు సుమారు 11 కోట్ల ఏళ్లు. దుకాణాల్లో లేబుల్ మీద క్లియోనిసెరాస్ అని ఉంటుంది, ఇప్పుడు శాస్త్రవేత్తలు ఈ రకాన్ని ఐయోలోసెరాస్ కింద పెడుతున్నారు, రెండు పేర్లూ రాసుకోండి. నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఏమిటంటే, ఈ జీవి బతికిన రోజుల్లో మడగాస్కర్ ఇంకా మన దేశపు భూఖండానికి అతుక్కునే ఉంది. రెండూ విడిపోయింది సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట. అంటే ఈ రాయి పుట్టేనాటికి అది మనకు పరాయి దేశం కాదు.

ఇక మెరుపు సంగతి. గుల్ల లోపలి పొర ముత్యపు పొర, చెరువులో దొరికే ఆల్చిప్ప లోపల మెరిసేదీ ఇలాంటిదే. ఆరగోనైట్ అనే ఖనిజం పలకలు పలకలుగా, ఒక్కోటి మిల్లీమీటరులో సుమారు రెండు వేలో వంతు మందంతో, ఇటుకల వరసలా పేర్చి ఉంటాయి. వెలుగు ఒక్కో వరస మీద పడి వెనక్కి వచ్చి కలుస్తుంది, ఆ కలయికలో కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చచ్చిపోతాయి. సబ్బు బుడగ మీద, నెమలి పింఛంలో జరిగేది కూడా ఇంచుమించు ఇదే. అందులో రంగు పదార్థం అంటూ ఏమీ లేదు. మామూలుగా ఇన్ని కోట్ల ఏళ్లలో ఆరగోనైట్ కాల్సైట్ అనే మరో ఖనిజంగా మారిపోయి మెరుపు పోతుంది, కానీ నీళ్లు సులువుగా చొరబడని మెత్తటి బంకమట్టిలో కూరుకుపోయిన చోట అలాగే నిలిచిపోయింది. పాలిష్ చేసేవాళ్లు చేసేదల్లా పైనున్న మట్టీ, మసక పొరా అరగదీసి దాన్ని బయటపెట్టడమే. వాళ్లు మెరుపుని తయారు చేయరు. తప్పు చేస్తే పోగొడతారు, అంతే.

కొనేటప్పుడు ఎలా చూడాలి

ఫోటో చూసి కొనకండి అని చెప్పను, మనలో చాలామందికి అదే దారి. కానీ వీడియో అడగండి. ఒక్క ఫోటోలో ఏ రాయైనా ఇంద్రధనుస్సులా కనిపిస్తుంది. కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, నెమ్మదిగా అటూ ఇటూ వంచుతూ తీసిన వీడియో పంపమనండి. దుకాణంలో అయితే ముందు ఆ స్పాట్‌లైట్ల కింద నుంచి బయటికి తీసుకెళ్లి పగటి వెలుగులో చూడండి. బట్టల షాపులో చీర రంగు వేరేగా కనిపించినట్టే ఇదీ.

వంచినప్పుడు రంగు మారాలి, అది మొదటి పరీక్ష. రెండోది దానికంటే పనికొచ్చేది: రంగు అంతా ఒకేసారి మారకూడదు. అసలు ముత్యపు పొర కోట్ల ఏళ్ల బరువుకి సన్నగా పగిలి ఉంటుంది, పగిలిన ప్రతి ముక్కా ఒక్కో కోణంలో కూర్చుని ఉంటుంది, అందుకని ఒక ముక్క ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారుతుంటే పక్క ముక్క ఇంకా ఎరుపులోనే ఉంటుంది. మెరుపు కాగితం అంటించినా, ముత్యపు పెయింట్ వేసినా మొత్తం ఒక్కసారిగా మిలమిలమంటుంది. 10 రెట్లు పెద్దగా చూపించే లెన్స్ ఒకటి కొనుక్కోండి, నగల పనివాళ్లు కంటికి పెట్టుకుంటారే అలాంటిది. దానితో చూస్తే ఆ పగుళ్ల మొజాయిక్ స్పష్టంగా తెలుస్తుంది. గాలి బుడగలు కనిపిస్తే అక్కడ రెజిన్, అంటే గట్టిపడే జిగురు, ఉన్నట్టు.

రెజిన్ ఉందంటే మోసం అనుకోకండి. పగుళ్లు పూడ్చడానికి, పొర ఊడకుండా ఉండటానికి కాస్త వాడటం ఈ పనిలో మామూలే. మోసం ఎక్కడంటే చెప్పకపోవడంలో. మడగాస్కర్ ముక్క మొత్తం నకిలీ చేసేంత ఖరీదైంది కాదు, ఎక్కువగా ఎదురయ్యేది వేరు: రెండు వేర్వేరు రాళ్ల ముక్కలు అతికించి ఒక్కటిగా అమ్మడం, పోయిన నడుమ భాగాన్ని చెక్కి పూడ్చడం, మసక ముక్కకు నూనె రాసి లేదా వార్నిష్ కొట్టి మెరిపించడం. నూనె సంగతి తేల్చడం తేలిక, తెల్ల టిష్యూ కాగితంలో చుట్టి కాసేపు ఉంచండి, మరక చెబుతుంది. అతుకు పట్టుకోవాలంటే చుట్టు మీద అడ్డంగా ఉన్న సన్నటి గీతల వెంట చూపు నడపండి, గీత ఒక చోట ఆగిపోయి పక్కకు జరిగి మళ్లీ మొదలైతే అక్కడ ఏదో జరిగింది. తప్పకుండా రెండు వైపులా చూడండి. ఒక వైపు మాత్రమే ఫోటో పెట్టే అమ్మకందారుని రెండో వైపు అడిగితే వచ్చే జవాబు బట్టి మీకే తెలిసిపోతుంది.

ఓపల్ అమ్మోనైట్ అని రాసి ఉంటే ధర చూసి భయపడకండి, మురిసిపోకండి కూడా. ఇందులో ఓపల్ అనే రత్నం లేదు. ఓపల్ సిలికా, ఇది ఆరగోనైట్. పేరు అమ్మకానికి పెట్టుకున్నది.

రంగుల విషయానికొస్తే ఎరుపు, ఆకుపచ్చ ఎక్కువ దొరుకుతాయి. నీలం, ఊదా తక్కువ, ఎందుకంటే వాటికి పలకలు ఇంకా పల్చగా ఉండాలి. అందుకే వాటికి ధర ఎక్కువ చెబుతారు. నేర్చుకోవడానికి కొనేవాళ్లు దాని జోలికి పోనవసరం లేదని నా అభిప్రాయం. మీరు వెతకాల్సింది వేరే ఉంది: ఒక పక్క మెరుపు ఉండి, ఇంకో పక్క పొర పోయి కింద ఆకు అంచుల్లాంటి గీతలు కనిపించే ముక్క. అవి లోపలి గోడలు గుల్లకు అతుక్కున్న చోట ఏర్పడే అతుకు గీతలు. గోడ అంచు ముడతలు ముడతలుగా, కొత్తిమీర ఆకులా ఉంటుంది, ఆ ముడతల తీరు బట్టే జాతులు గుర్తుపడతారు. మెరుపు పైన ఉన్నంత సేపు అవి కనిపించవు, అవి కనిపించాలంటే మెరుపు పోవాలి. రెండూ ఉన్న ముక్కను దుకాణదారుడు సెకండ్ క్వాలిటీ అంటాడు, ధర తగ్గిస్తాడు. నేనైతే అదే తీసుకుంటాను.

డబ్బులుంటే లోపలి గదులు చూడటానికి రెండుగా కోసిన జత కూడా ఒకటి కొనండి. దీనికి బయట మెరుపు ఎంత ఉందన్నది ముఖ్యం కాదు.

ఎక్కడిది అని అడగండి, రాయించుకోండి

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. ఏ దేశం, ఏ ప్రాంతం, ఏ కాలం, ఈ మూడూ బిల్లు మీదో చిన్న కాగితం మీదో రాయించుకోండి. ఊరు పేరు లేని శిలాజం మ్యూజియంకి పనికిరాదు, రేపు మీరు ఎవరికైనా ఇచ్చినా వాళ్లకు అదొక అందమైన రాయి మాత్రమే.

కెనడాలో ఉన్నవాళ్లకు, ముఖ్యంగా కాల్గరీ, ఎడ్మంటన్ వైపు ఉన్న మనవాళ్లకు ఒక మాట. ఆల్బర్టాలో లెత్‌బ్రిడ్జ్ పరిసరాల్లో బేర్‌పా అనే రాతి పొరల్లో దొరికే ప్లసెంటిసెరాస్ అమ్మోనైట్ల మెరుపు ముందు మడగాస్కర్‌ది వెలవెలబోతుంది. ఆ పొరను విడదీసి అమ్మోలైట్ పేరుతో నగల్లో పొదుగుతారు, 1981లో దాన్ని రత్నంగా గుర్తించారు, 2004లో ఆల్బర్టా తన అధికార రత్నంగా ప్రకటించుకుంది. అక్కడి మూలవాసులైన బ్లాక్‌ఫుట్ ప్రజలు అంతకు ఎన్నో తరాల ముందు నుంచే ఇలాంటి శిలాజాలను ఇనిస్కిమ్ అని, అంటే అడవిదున్న రాయి అని, వేటలో అదృష్టం తెస్తుందని దాచుకునేవారు. కానీ అక్కడ నది ఒడ్డున కనిపించింది కదా అని సూట్‌కేసులో వేసుకుని వచ్చేయకండి. ఆల్బర్టా చట్టం ప్రకారం శిలాజాలు ప్రభుత్వానివి. తవ్వాలంటే పర్మిట్ కావాలి. స్థలం యజమాని ఒప్పుకుంటే పైపైన పడి ఉన్నది ఏరుకుని దగ్గర పెట్టుకోవచ్చు, అప్పుడు కూడా మీరు కాపలాదారులే తప్ప సొంతదారులు కారు. అమ్మడానికి, బయటికి పంపడానికి అనుమతి పత్రాలు ఉంటాయి, దుకాణంలో కొన్నా వాటిని అడిగి తీసుకోండి.

ఇంటికి తెచ్చాక చేయాల్సిన పని: చదవడం

కోసిన జతను టేబుల్ మీద పెట్టి, పక్క నుంచి ఫోన్ టార్చ్ వేయండి. ముందు గదులు లెక్కపెట్టండి, నడుమ నుంచి కాదు, బయటి నుంచి లోపలికి. లోపలి గదులు చాలావాటిలో తేనె రంగు, పాల రంగు స్ఫటికాలు ఉంటాయి, కొన్నిట్లో బోలుగా ఉండి లోపల పళ్లలా స్ఫటికాలు పొడుచుకొచ్చి ఉంటాయి. బయటి చివర మాత్రం బూడిద రంగు మట్టిరాయి ఉంటుంది, కొన్ని ముక్కల్లో ఆ భాగమే ఉండదు, విరిగిపోయి ఉంటుంది. ఎందుకని పిల్లల్ని అడగండి. చివరి గదికి వాకిలి తెరిచి ఉంది, జంతువు చనిపోయాక అందులోకి బురద వచ్చేసింది. వెనక గదులకు గోడలు అడ్డం, బురద పోలేదు, ఊరిన నీళ్లు మాత్రం పోయాయి, ఆ నీళ్లలోని కాల్సైట్ నెమ్మదిగా స్ఫటికాలు కట్టింది. బురద మొదలైన చోటు చూపిస్తే చాలు, జంతువు ఎక్కడిదాకా ఉండేదో తెలిసిపోతుంది. గదులన్నిటినీ కలుపుతూ ఒక సన్నటి గొట్టం కూడా ఉండేది, ఇప్పటికీ సముద్రంలో బతికున్న దూరపు చుట్టం నాటిలస్‌లో అది గోడల మధ్యలోంచి పోతుంది, అమ్మోనైట్‌లో బయటి అంచును ఒరుసుకుంటూ పోతుంది. లెన్స్‌తో వెతకండి, అన్నిట్లో దొరకదు, దొరికితే మాత్రం ఆ రోజంతా ఇంట్లో అందరికీ చూపిస్తూ తిరుగుతారు.

తర్వాత స్కేలు తీయండి. నడిబొడ్డు నుంచి బయటి అంచు వరకు ఒక గీత మీద కొలవండి, అదే గీత మీద ఒక చుట్టు లోపలికి ఉన్న అంచు వరకు కొలవండి. పెద్దదాన్ని చిన్నదానితో భాగించండి. 40 మిల్లీమీటర్లు, 18 మిల్లీమీటర్లు వచ్చాయనుకుందాం, అంటే ఒక్కో చుట్టుకు సుమారు 2.2 రెట్లు పెరిగింది. ఇంకో గీత మీద కొలిచినా దాదాపు అంతే వస్తుంది, జంతువు ఎంత పెరిగినా ఆకారం మారలేదని అర్థం. ఇక్కడ ఒక పుకారు సంగతి చెప్పాలి. అమ్మోనైట్ చుట్టు గోల్డెన్ రేషియోలో (సుమారు 1.618 అనే నిష్పత్తిలో) ఉంటుందని ఎన్నో పోస్టుల్లో చూసి ఉంటారు. ఆ నిష్పత్తితో గీసే గోల్డెన్ స్పైరల్ ఒక్కో చుట్టుకు సుమారు 6.85 రెట్లు పెరుగుతుంది. మీ స్కేలు ఏం చెబుతోందో చూసుకోండి, టెన్షన్ లేకుండా వాట్సాప్ గ్రూపులో జవాబు పెట్టేయండి.

మీరే పాలిష్ చేయాలనిపిస్తే

నేరుగా అమ్మోనైట్ మీద చేయి వేయకండి. చెరువు గట్టున దొరికే ఆల్చిప్ప ఒకటి తెచ్చుకోండి, మామిడికాయ తోలు తీయడానికి నడుమ బెజ్జం అరగదీసేవారే, అదే. బయట నల్లటి తోలు, దాని కింద మసక పొర, దాని కింద మెరుపు. నీళ్ల గిన్నెలో ముంచి, నీటిలో వాడే ఎమెరీ కాగితం 800 నంబరుతో మొదలుపెట్టి (నంబరు పెరిగే కొద్దీ కాగితం నునుపు) చేత్తోనే రుద్దండి, మెషీన్ వద్దు. మెరుపు తొంగిచూడగానే ఆగి 1200, తర్వాత 2000, చివరికి 3000. ఎప్పుడూ తడిగానే. పొడిగా రుద్దితే వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడిగా చేసినా మాస్కు పెట్టుకోండి. ఆఖరున తడి ఫెల్ట్ గుడ్డ మీద గాజుకు పాలిష్ పెట్టే సీరియం ఆక్సైడ్ పొడితో రుద్దితే అద్దంలా వస్తుంది. రెండు మూడు ఆల్చిప్పలు పాడుచేస్తే గానీ ఎక్కడ ఆగాలో చేతికి తెలియదు.

అమ్మోనైట్ మీద చేసేటప్పుడు 1000 కంటే గరుకు కాగితం వాడకండి, ప్రతి పది రుద్దులకు ఒకసారి కడిగి వెలుగులో చూడండి. అమ్మ తోమిన నా ముక్కను ఇలాగే 2000తో బాగుచేద్దామని కూర్చున్నాను. మసక పోయింది, రంగు తిరిగొచ్చింది, ఇంకొంచెం వస్తుందేమో అని ఆశపడ్డాను. రెండు చోట్ల పొర దాటిపోయి గోధుమరంగు రాయి, దాని మీద ఆకు గీతలు బయటపడ్డాయి. నష్టమే, కానీ అతుకు గీతలు నేను మొదటిసారి చూసింది అక్కడే.

శుభ్రం చేయడం, పెట్టే చోటు

ఆరగోనైట్ గట్టిదనం చెప్పే మోస్ కొలత మీద 3.5 నుంచి 4 మధ్య ఉంటుంది. ఇంట్లో ఎగిరే దుమ్ములోని ఇసుక రేణువు 7. అంటే పొడి గుడ్డతో తుడిచిన ప్రతిసారీ మీరు దాన్ని గీరుతున్నట్టే. ముందు ఊదండి, లేదా మెత్తటి మేకప్ బ్రష్‌తో దులపండి, తర్వాత కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది వెంటనే ఆరబెట్టండి. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, బాత్రూం యాసిడ్, ఇత్తడి తోమే పొడి, ఇవేవీ దగ్గరికి రానివ్వకండి, పులుపు ఏదైనా ఈ ఖనిజాన్ని కరిగిస్తుంది. దేవుడి దగ్గర పెట్టుకుంటాం అంటే మీ ఇష్టం. గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో చక్రం అని మనం మొక్కేది కూడా అమ్మోనైట్ చుట్టే. కానీ ఈ మెరిసే రకానికి పెరుగు, పంచామృతం అభిషేకాలు మాత్రం వద్దు, దండం పెట్టుకుంటే చాలు.

ఎండ తగిలే కిటికీ గట్టు, టీవీ వెనక వేడి తగిలే చోటు మంచివి కావు, వేడికి పొర ఎండి పెళ్లలు లేస్తుంది. కొత్త ప్లైవుడ్ సొరుగులో మూసిపెట్టకండి, చెక్క, జిగురు నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి గుల్లల మీద తెల్లటి ఉప్పు పూయిస్తుంది. మూతున్న ప్లాస్టిక్ డబ్బా, కింద ఫోమ్, అంతే. పైరైట్ అనే ఖనిజంగా మారి బంగారంలా మెరిసే అమ్మోనైట్లు కూడా మీ దగ్గర ఉంటే వాటిని వేరే డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. వైజాగ్, కాకినాడ లాంటి తీరపు తేమలో పైరైట్ కుళ్లుతుంది, నిజంగానే కుళ్లుతుంది, ఆమ్లం పుట్టి పక్కనున్న వాటినీ తినేస్తుంది.

పెళ్ల లేస్తే ఫెవిక్విక్ లాంటిది పూయకండి, మళ్లీ తీయడం కష్టం. మ్యూజియంలలో పారలాయిడ్ బి-72 అనే రెజిన్‌ని అసిటోన్‌లో కరిగించి వాడతారు, తర్వాత కావాలంటే అసిటోన్‌తోనే తీసేయొచ్చు.

లేబుల్

రాయి మీద కాదు, డబ్బాలో. పెన్సిల్‌తో లేదా చెరగని ఇంకుతో: పేరు, దొరికిన చోటు, కాలం, ఎవరి దగ్గర, ఎప్పుడు కొన్నారు, దానికి ఏమేం చేశారు. కొనని వాటికి కూడా ఈ అలవాటు పనికొస్తుంది. మన దగ్గర పాత పశ్చిమ గోదావరి జిల్లా వైపు రాఘవాపురం, ఒంగోలు దగ్గర బుడవాడ, వేమవరం పొరల్లో క్రెటేషియస్ అనే డైనోసార్ల చివరి యుగపు తొలినాటి అమ్మోనైట్లు నమోదయ్యాయి, మెరుపేమీ ఉండదు, మట్టిరాయి మీద వట్టి ముద్రలు. అలాంటిది ఎప్పుడైనా కంటపడితే పక్కన ఒక నాణెం పెట్టి ఫోటో తీసి, చోటు రాసుకుని, దగ్గర్లోని జియాలజీ విభాగానికి పంపండి.

నా మొదటి ముక్క డబ్బాలో ఉన్న కాగితం ఇలా ఉంటుంది: క్లియోనిసెరాస్, ఇప్పుడు ఐయోలోసెరాస్. మహాజంగా, మడగాస్కర్. సుమారు 11 కోట్ల ఏళ్లు. ఎడమ వైపు ఇంట్లో చింతపండుతో తోమడం వల్ల మసక, తర్వాత 2000 కాగితంతో పాలిష్, రెండు చోట్ల పొర పోయింది, అతుకు గీతలు అక్కడ చూడవచ్చు.